ఆరోమాటిక్ నైట్రేషన్

బెంజీన్ వంటి ఆరోమాటిక్ సమ్మేళనాల వలయంలోని ఒక హైడ్రోజన్ పరమాణువును తొలగించి, ఆ స్థానంలో నైట్రో సమూహాన్ని ప్రవేశపెట్టే రసాయన చర్యను ఆరోమాటిక్ నైట్రేషన్ అంటారు. ఒక నైట్రోజన్ పరమాణువు, దానితో బంధింపబడిన రెండు ఆక్సిజన్ పరమాణువులు కలిసి నైట్రో సమూహం ఏర్పడుతుంది. ఈ చర్య ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణ చర్యల తరగతికి చెందినది. సాధారణంగా గాఢ నైట్రికామ్లం (నత్రికామ్లం), గాఢ సల్ఫ్యూరికామ్లం (గంధకికామ్లం) కలిపిన మిశ్రమాన్ని ఇందుకు వాడతారు. దీనిని మిశ్రమ ఆమ్లం లేదా నైట్రేషన్ మిశ్రమం అని పిలుస్తారు. రంగులు, ఔషధాలు, ప్లాస్టిక్కులు, రబ్బరు రసాయనాలు, పేలుడు పదార్థాల తయారీకి ఈ చర్య ఆధారం.

బెంజీన్ నైట్రేషన్‌ను సంగ్రహంగా ఈ విధంగా వ్రాయవచ్చు:

బెంజీన్ + నైట్రికామ్లం → నైట్రోబెంజీన్ + నీరు

ఈ సమీకరణంలో సల్ఫ్యూరికామ్లం ఎక్కడా కనిపించదు. ఐనప్పటికీ అది లేకుండా చర్య చాలా మందకొడిగా సాగుతుంది. సమీకరణంలో కనిపించని ఈ ఆమ్లం చేసే పనిని అర్థం చేసుకోవడానికి రసాయన శాస్త్రజ్ఞులకు నూరు సంవత్సరాలకు పైగా పట్టింది.

చరిత్ర

బెంజీన్‌ను మైకేల్ ఫారడే 1825లో దీపాల వాయువు తయారీలో మిగిలే నూనె నుండి వేరు చేశాడు. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఐల్‌హార్డ్ మిట్చెర్లిఖ్ 1834లో బెంజీన్‌పై సధూమ నైట్రికామ్లం (పొగలు వెలువరించే గాఢ ఆమ్లం) చర్య వలన నైట్రోబెంజీన్‌ను తయారు చేశాడు. ఇంతకు చాలా ముందే, 1771లో, పీటర్ వూల్ఫ్ నీలిమందుపై నైట్రికామ్లాన్ని ప్రయోగించి ఒక పసుపుపచ్చని పదార్థాన్ని పొందాడు. అదే తరువాతి కాలంలో పిక్రికామ్లం అని పేరు పొందిన ట్రైనైట్రోఫినాల్. అనగా అణు నిర్మాణ సిద్ధాంతం పుట్టక మునుపే ఈ చర్య ఆచరణలో ఉన్నది.

1840 దశకంలో లండనులో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ శిష్యుడైన ఛార్లెస్ మాన్స్‌ఫీల్డ్ కోల్‌తారు నుండి బెంజీన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేసే పద్ధతిని రూపొందించాడు. నైట్రోబెంజీన్‌కు బాదం పలుకుల వాసన ఉండడం వలన దానిని మిర్బేన్ తైలం అనే పేరుతో సబ్బులకు సువాసన కోసం కలిపేవారు. అది విషపదార్థమని అప్పటికి తెలియదు. మాన్స్‌ఫీల్డ్ 1855లో బెంజీన్‌ను స్వేదనం చేస్తుండగా అది అంటుకొని, కాలిన గాయాలతో మరణించాడు.

1854లో ఆంట్వాన్ బెషాంప్ ఇనుము, ఎసిటిక్ ఆమ్లం సహాయంతో నైట్రోబెంజీన్‌ను ఎనిలీన్‌గా క్షయకరణం చేసే పద్ధతిని కనుగొన్నాడు. 1856లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ క్వినైన్‌ను కృత్రిమంగా తయారు చేయాలని ప్రయత్నిస్తూ, ఎనిలీన్ నుండి మావ్ అనే ఊదారంగును పొందాడు. మరుసటి సంవత్సరమే అతడు లండను సమీపాన కర్మాగారాన్ని నెలకొల్పాడు. తగినంత గాఢమైన నైట్రికామ్లం అంగడిలో దొరకనందున, చిలీ దేశపు సోడియం నైట్రేటును, సల్ఫ్యూరికామ్లాన్ని కలిపి పాత్రలోనే నైట్రికామ్లాన్ని పుట్టించి బెంజీన్‌ను నైట్రేషన్ చేశాడు. కృత్రిమ రంగుల పరిశ్రమకు ఇది నాంది అయింది. 1897 తరువాత కృత్రిమ నీలిమందు అంగడికి రావడంతో భారతదేశంలో నీలిమందు సాగు క్షీణించింది. ఆ పంట విస్తారంగా పండిన మండలాలలో కడప కూడా ఒకటి.

ఆమ్లం క్షారంగా ప్రవర్తించుట

నైట్రికామ్లం బలమైన ఆమ్లమని పాఠశాల స్థాయిలోనే నేర్చుకుంటారు. నీటిలో అది తన ప్రోటాన్‌ను (హైడ్రోజన్ అయాన్‌ను) విడిచిపెడుతుంది. కాని ఆమ్లం, క్షారం అనే గుణాలు సాపేక్షమైనవి. ప్రోటాన్‌ను ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకొనేది క్షారం. తనకంటె బలమైన ఆమ్లం ఎదురైనప్పుడు నైట్రికామ్లం ప్రోటాన్‌ను ఇవ్వలేక, తానే స్వీకరించవలసి వస్తుంది. గాఢ సల్ఫ్యూరికామ్లం సమక్షంలో జరిగేది ఇదే. ఇక్కడ నైట్రికామ్లం క్షారంగా ప్రవర్తిస్తుంది.

ఈ ప్రక్రియలోని దశలు:

1. సల్ఫ్యూరికామ్లం నుండి ఒక ప్రోటాన్ నైట్రికామ్ల అణువులోని హైడ్రాక్సిల్ సమూహంపై చేరుతుంది.

2. ప్రోటాన్ చేరిన ఆ సమూహం నీటి అణువుగా విడిపోతుంది. మిగిలిన భాగం ధనావేశం గల నైట్రోనియం అయాన్.

3. విడివడిన నీటి అణువును మరొక సల్ఫ్యూరికామ్ల అణువు ప్రోటానీకరించి హైడ్రోనియం అయాన్‌గా మారుస్తుంది. అందువలన ఆ నీరు తిరిగి నైట్రోనియం అయాన్‌తో కలిసి నైట్రికామ్లంగా మారే అవకాశం తగ్గిపోతుంది.

మొత్తం సమీకరణం:

నైట్రికామ్లం + 2 సల్ఫ్యూరికామ్లం ⇌ నైట్రోనియం అయాన్ + హైడ్రోనియం అయాన్ + 2 బైసల్ఫేట్ అయాన్లు

హైడ్రాక్సిల్ సమూహం తనంతట తాను విడిపోవాలంటే ఋణావేశం గల హైడ్రాక్సైడ్ అయాన్‌గా పోవాలి. అది చాలా కష్టం. ప్రోటాన్ చేరిన పిదప తటస్థమైన నీటి అణువుగా పోవడం సులువు. ఆమ్ల ఉత్ప్రేరణ రహస్యం ఇక్కడే ఉన్నది.

స్వచ్ఛమైన నైట్రికామ్లంలో కూడా ఒక అణువు మరొక అణువుకు ప్రోటాన్‌ను ఇవ్వడం వలన కొద్దిపాటి నైట్రోనియం అయాన్లు ఏర్పడతాయి. కాని వాటి పరిమాణం అల్పం. సల్ఫ్యూరికామ్లం అధికంగా ఉన్నప్పుడు నైట్రికామ్లం దాదాపు పూర్తిగా నైట్రోనియం రూపంలోనికి మారుతుంది.

నైట్రోనియం అయాన్ ఉనికికి నిదర్శనాలు

నైట్రేషన్‌కు కారణం నైట్రోనియం అయాన్ కావచ్చునని 1903లోనే హాన్స్ ఫాన్ ఆయిలర్ సూచించాడు. దానికి తిరుగులేని ఆధారాలు 1940 దశకంలో లభించాయి. లండను యూనివర్సిటీ కాలేజీలో క్రిస్టఫర్ ఇంగోల్డ్, ఎడ్వర్డ్ హ్యూస్, వారి సహచరులు ఈ దిశగా విస్తృతంగా పరిశోధించారు. ముఖ్యమైన నిదర్శనాలు ఇవి:

ఘనీభవన స్థానం: ఒక ద్రావణిలో కరిగిన కణాల సంఖ్య పెరిగేకొద్దీ దాని ఘనీభవన స్థానం తగ్గుతుంది. సల్ఫ్యూరికామ్లంలో ఒక నైట్రికామ్ల అణువును కలిపితే నాలుగు కణాలు చేరినంత తగ్గుదల కనిపించింది. పై సమీకరణంలో కుడివైపున ఉన్నవి సరిగ్గా నాలుగు అయాన్లే.

రామన్ వర్ణపటం: సి.వి.రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్న కాంతి పరిక్షేపణ ఫలితం ఈ సమస్యను తేల్చడానికి ఉపకరించింది. మిశ్రమ ఆమ్లపు రామన్ వర్ణపటంలో సెంటీమీటరుకు 1400 తరంగాల వద్ద ఒక స్పష్టమైన రేఖ కనిపిస్తుంది. ఇది నైట్రికామ్ల అణువుకు గాని, నైట్రేట్ అయాన్‌కు గాని చెందినది కాదు. కార్బన్ డయాక్సైడ్ వలె మూడు పరమాణువులు ఒకే సరళరేఖపై ఉండే నైట్రోనియం అయాన్‌కు చెందినది.

స్ఫటిక లవణాలు: నైట్రోనియం పెర్‌క్లోరేట్ వంటి లవణాలను స్వచ్ఛమైన స్ఫటికాలుగా వేరు చేయగలిగారు. సీసాలో పెట్టి చూపగలిగిన పదార్థాన్ని ఊహ అనడానికి వీలులేదు.

చర్యావేగం: నైట్రోమీథేన్ ద్రావణిలో నైట్రికామ్లాన్ని చాలా అధికంగా తీసుకొని ప్రయోగాలు చేసినప్పుడు, బెంజీన్ గాఢతను మార్చినా వేగం మారలేదు. బెంజీన్‌కు బదులు మరింత చురుకైన టోలీన్‌ను తీసుకున్నా వేగం అంతే ఉన్నది. టిక్కెట్ల కిటికీ ఒక్కటే ఉన్నప్పుడు వరుసలో ఎంతమంది నిలిచినా గంటకు అమ్ముడయ్యే టిక్కెట్ల సంఖ్య పెరగదు. అలాగే ఇక్కడ నైట్రోనియం అయాన్ పుట్టడమే నెమ్మదైన దశ. అది పుట్టిన వెంటనే వలయం దానిని అందుకుంటుంది.

వలయంపై దాడి

బెంజీన్ వలయానికి పైన, క్రింద ఎలక్ట్రాన్ల మేఘం పరచుకొని ఉంటుంది. ధనావేశం గల నైట్రోనియం అయాన్ ఈ ఎలక్ట్రాన్ల వైపు ఆకర్షింపబడి ఒక కార్బన్ పరమాణువుతో బంధం ఏర్పరచుకుంటుంది. అప్పుడు ఆ కార్బన్‌పై హైడ్రోజన్, నైట్రో సమూహం రెండూ ఉంటాయి. వలయం తన ఆరోమాటిక్ స్థిరత్వాన్ని తాత్కాలికంగా కోల్పోతుంది. ధనావేశం మిగిలిన ఐదు కార్బన్లపై అనునాదం వలన పంచుకోబడుతుంది. ఈ మధ్యస్థాన్ని ఎరీనియం అయాన్ లేదా సిగ్మా సంక్లిష్టం అంటారు.

తరువాత ఆ కార్బన్‌పై ఉన్న ప్రోటాన్‌ను బైసల్ఫేట్ అయాన్ లేదా నీటి అణువు తీసుకొనిపోతుంది. వలయం తిరిగి ఆరోమాటిక్ స్థితికి చేరుతుంది. మొదటి దశలో సల్ఫ్యూరికామ్లం ఇచ్చిన ప్రోటాన్‌కు బదులుగా చివరి దశలో ఒక ప్రోటాన్ ఈ విధంగా తిరిగి వస్తుంది. కావుననే సల్ఫ్యూరికామ్లాన్ని ఉత్ప్రేరకం అంటారు.

ప్రోటాన్ తొలగిపోయే దశ వేగవంతమైనదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్స్ మెలాండర్ 1950లో నిరూపించాడు. హైడ్రోజన్‌కు బదులు దాని బరువైన ఐసోటోపు ట్రిటియం ఉన్న సమ్మేళనాలను నైట్రేషన్ చేసినప్పుడు రెండూ సమాన వేగంతో ప్రతిక్షేపింపబడ్డాయి. కార్బన్–హైడ్రోజన్ బంధం తెగడమే నెమ్మదైన దశ అయినట్లయితే ట్రిటియం వెనుకబడి ఉండేది.

సల్ఫ్యూరికామ్లం నిర్వహించే పనులు

సల్ఫ్యూరికామ్లాన్ని ఉత్ప్రేరకం అని చెప్పి ఊరుకుంటే దాని పాత్ర పూర్తిగా బోధపడదు. అది ఏకకాలంలో మూడు పనులు చేస్తుంది.

మొదటిది, నైట్రికామ్లాన్ని ప్రోటానీకరించి నైట్రోనియం అయాన్‌ను పుట్టించడం.

రెండవది, చర్యలో పుట్టే నీటిని బంధించడం. 78 గ్రాముల బెంజీన్ 63 గ్రాముల నైట్రికామ్లంతో చర్య జరిపితే 123 గ్రాముల నైట్రోబెంజీన్‌తో పాటు 18 గ్రాముల నీరు ఏర్పడుతుంది. ఈ నీరు ఆమ్లాన్ని పలుచన చేస్తుంది. పలుచనైన ఆమ్లంలో నైట్రోనియం అయాన్ల సంఖ్య వేగంగా పడిపోతుంది. సల్ఫ్యూరికామ్లం గాఢత సుమారు 90 శాతం వద్ద నైట్రేషన్ వేగం గరిష్ఠంగా ఉంటుంది. అంతకన్న తగ్గేకొద్దీ వేగం అనేక రెట్లు పడిపోతుంది. కాబట్టి సిద్ధాంత రీత్యా సల్ఫ్యూరికామ్లం ఖర్చు కాకపోయినా, ఆచరణలో పలుచబడి పనికిరాకుండా పోతుంది. ఈ వాడిన ఆమ్లాన్ని తిరిగి గాఢపరచడం పరిశ్రమలకు పెద్ద ఖర్చు.

మూడవది, వేడిని గ్రహించడం. నైట్రేషన్ తీవ్రమైన ఉష్ణమోచక చర్య. ఒక మోల్ బెంజీన్‌కు సుమారు 117 కిలోజౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. అధిక పరిమాణంలో ఉన్న ఆమ్లం ఈ వేడిని తనలో నిలుపుకొని ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరగకుండా కాపాడుతుంది.

వలయంపై ఉన్న సమూహాల ప్రభావం

వలయంపై అప్పటికే ఒక సమూహం ఉన్నట్లయితే, కొత్తగా వచ్చే నైట్రో సమూహం ఎంత వేగంగా, ఏ స్థానంలో చేరుతుందో ఆ సమూహమే నిర్ణయిస్తుంది. ఎలక్ట్రాన్లను వలయానికి అందించే సమూహాలు ఎరీనియం అయాన్‌లోని ధనావేశానికి ఊతమిచ్చి చర్యను వేగవంతం చేస్తాయి. ఎలక్ట్రాన్లను లాగుకొనే సమూహాలు దానిని అస్థిరపరచి చర్యను మందగింపజేస్తాయి.

టోలీన్: బెంజీన్ కన్న సుమారు 25 రెట్లు వేగంగా చర్య జరుపుతుంది. ఆర్థో ఉత్పన్నం సుమారు 60 శాతం, పారా 37 శాతం, మెటా 3 నుండి 4 శాతం.

క్లోరోబెంజీన్: బెంజీన్ కన్న నెమ్మది. ఐనను ఆర్థో సుమారు 30 శాతం, పారా 70 శాతం. క్లోరిన్ ప్రేరేపక ప్రభావం వలన ఎలక్ట్రాన్లను లాగుకున్నా, అనునాదం ద్వారా ఆర్థో, పారా స్థానాలకు తోడ్పడుతుంది.

నైట్రోబెంజీన్: బెంజీన్ వేగంలో కోటి వంతుల స్థాయికి పడిపోతుంది. మెటా ఉత్పన్నం సుమారు 93 శాతం.

నైట్రోబెంజీన్ ఇంత నిరుత్సాహంగా ప్రవర్తించడం ఒక విధంగా మేలు. ఒక నైట్రో సమూహం చేరగానే వలయం చురుకుదనం కోల్పోతుంది కాబట్టి ఉష్ణోగ్రతను అదుపులో ఉంచితే చర్య మొదటి మెట్టు వద్దనే ఆగుతుంది.

ఎనిలీన్ విషయం విచిత్రమైనది. దాని అమీన్ సమూహం ఎలక్ట్రాన్లను ధారాళంగా అందించేది కాబట్టి ఆర్థో, పారా ఉత్పన్నాలు మాత్రమే రావాలి. కాని మిశ్రమ ఆమ్లంలో సగానికి కొంచెం తక్కువగా మెటా ఉత్పన్నం కూడా వస్తుంది. ఉత్ప్రేరకమైన ఆమ్లమే ఇందుకు కారణం. అది అమీన్ సమూహంపై ప్రోటాన్‌ను చేర్చి ధనావేశం గల ఎనిలీనియంగా మారుస్తుంది. అది ఎలక్ట్రాన్లను లాగుకొనే సమూహం. పైగా ఎనిలీన్ కొంతభాగం ఆక్సీకరణం చెంది నల్లని బంకగా మారుతుంది. అందువలన ముందుగా ఎనిలీన్‌ను ఎసిటనిలైడ్‌గా మార్చి, నైట్రేషన్ చేసి, తరువాత జలవిశ్లేషణ ద్వారా పారా-నైట్రోఎనిలీన్‌ను పొందుతారు.

ప్రయోగశాలలో, పరిశ్రమలో

ప్రయోగశాలలో మిశ్రమ ఆమ్లాన్ని చల్లబరచి, దానికి బెంజీన్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ కుప్పెను బాగా కదుపుతారు. ఉష్ణోగ్రత 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ దాటనీయరు. అంతకు మించితే మెటా-డైనైట్రోబెంజీన్ ఏర్పడడం మొదలవుతుంది. చర్య ముగిసిన పిదప వేర్పాటు గరాటుతో నైట్రోబెంజీన్ పొరను వేరు చేసి, నీటితోను, సోడియం కార్బొనేట్ ద్రావణంతోను కడిగి, ఆరబెట్టి, సుమారు 211 డిగ్రీల వద్ద స్వేదనం చేస్తారు. స్వేదన పాత్రను పూర్తిగా ఎండిపోనీయరాదు. అడుగున మిగిలే డైనైట్రో సమ్మేళనాలు వేడికి ప్రేలే ప్రమాదం ఉన్నది.

బెంజీన్ మిశ్రమ ఆమ్లంలో కరగదు. అవి రెండు పొరలుగా ఉంటాయి. కావున బాగా కలియబెట్టడం తప్పనిసరి. కలియబెట్టే యంత్రం ఆగిపోయినా బెంజీన్ వచ్చి చేరుతూనే ఉంటే, చర్య జరగకుండా అది పైన పేరుకుపోతుంది. యంత్రం తిరిగి నడవగానే పేరుకున్నదంతా ఒకేసారి చర్యలో పాల్గొని, వెలువడే వేడి అదుపు తప్పుతుంది. అందువలన యంత్రం ఆగిన మరుక్షణం బెంజీన్ ప్రవాహం కూడా తనంతట తానే ఆగిపోయే ఏర్పాట్లు చేస్తారు.

ఆధునిక కర్మాగారాలలో వేడిని చల్లార్చి వృథా చేయకుండా, ఆమ్లంలోనే నిలువ ఉంచి, ఆ వేడితోనే వాడిన ఆమ్లంలోని నీటిని తక్కువ పీడనం వద్ద ఆవిరి చేసే పద్ధతి వాడుకలో ఉన్నది. దీనిని స్థిరోష్ణక నైట్రేషన్ అంటారు. ఇందులో నైట్రికామ్లం కంటె బెంజీన్‌ను కొంచెం ఎక్కువగా తీసుకుంటారు. దాని వలన డైనైట్రో సమ్మేళనాలు తక్కువగా ఏర్పడతాయి.

ఉపయోగాలు

తయారయ్యే నైట్రోబెంజీన్‌లో అత్యధిక భాగం ఎనిలీన్‌గా మార్చబడుతుంది. ఎనిలీన్ నుండి పాలీయూరిథేన్ నురుగు, రబ్బరు రసాయనాలు, రంగులు తయారవుతాయి.

జ్వరానికి వాడే పారాసెటమాల్ తయారీలో పారా-అమినోఫినాల్ కీలకమైనది. దీనిని నైట్రోబెంజీన్ నుండి గాని, పారా-నైట్రోక్లోరోబెంజీన్ నుండి గాని తయారు చేస్తారు. హైదరాబాదు పరిసరాలలోని ఔషధ పరిశ్రమలలో పారాసెటమాల్ పెద్ద మొత్తంలో ఉత్పత్తి అవుతున్నది.

ఫోలిక్ ఆమ్లంలోని ఒక భాగం పారా-అమినోబెంజోయిక్ ఆమ్లం. ఇది పారా-నైట్రోబెంజోయిక్ ఆమ్లాన్ని క్షయకరణం చేయడం వలన లభిస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని 1940 దశకంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన సంశ్లేషణ చేశారు.

టోలీన్‌పై మూడు నైట్రో సమూహాలు చేరితే ట్రైనైట్రోటోలీన్ (టి.ఎన్.టి.) వస్తుంది. యూలియుస్ విల్‌బ్రాండ్ 1863లో దీనిని తయారు చేశాడు. మొదట్లో దీనిని పసుపు రంగుగా పరిగణించారు. పేలుడు పదార్థంగా దాని విలువ తరువాత తెలిసింది.

ప్రమాదాలు, ఆరోగ్యం

నైట్రోబెంజీన్ ఊపిరి ద్వారానే కాక చర్మం ద్వారా కూడా శరీరంలోనికి ప్రవేశిస్తుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథెమోగ్లోబిన్‌గా మారుస్తుంది. పెదవులు, గోళ్ళు నీలివర్ణం దాల్చుతాయి. దీని చికిత్సకు వాడే మిథిలీన్ బ్లూ కూడా ఎనిలీన్ వర్గానికి చెందిన రంగు కావడం విశేషం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని మందుగుండు కర్మాగారాలలో టి.ఎన్.టి.తో పనిచేసిన స్త్రీల చర్మం పసుపుపచ్చగా మారేది. వారిని కానరీ పిట్టలతో పోల్చేవారు. కొందరు కాలేయం దెబ్బతిని మరణించారు.

2005 నవంబరు 13న చైనాలోని జిలిన్ నగరంలో ఎనిలీన్ కర్మాగారపు నైట్రోబెంజీన్ విభాగంలో పేలుడు సంభవించి పలువురు మరణించారు. సుమారు 100 టన్నుల బెంజీన్, నైట్రోబెంజీన్ తదితర రసాయనాలు సోంగ్‌హువా నదిలో కలిశాయి. దిగువనున్న హార్బిన్ మహానగరానికి కొన్ని రోజులపాటు మంచినీటి సరఫరా నిలిచిపోయింది. 2019 మార్చి 21న చైనాలోని జియాంగ్సు రాష్ట్రంలో, దీర్ఘకాలంగా నిలువ ఉంచిన నైట్రేషన్ వ్యర్థాలు తమంతట తాము వేడెక్కి ప్రేలడంతో 78 మంది ప్రాణాలు కోల్పోయారు. నైట్రేషన్ పాత్రలో చర్య ముగిసినంత మాత్రాన ప్రమాదం ముగియదని ఈ రెండు ఘటనలు తెలుపుతున్నాయి.

ప్రత్యామ్నాయ ఉత్ప్రేరకాలు

వాడిన ఆమ్లం సమస్యను తగ్గించడానికి, కోరిన స్థానంలోనే నైట్రో సమూహాన్ని చేర్చడానికి పలు మార్గాలను పరిశోధించారు. జార్జ్ ఓలా (1994లో నోబెల్ బహుమతి గ్రహీత) నైట్రోనియం టెట్రాఫ్లోరోబోరేట్ వంటి సిద్ధ లవణాలను ఉపయోగించాడు. వీటితో వేరే ఆమ్లం అవసరం లేకనే నైట్రేషన్ జరుగుతుంది. కాని ఇవి ఖరీదైనవి. 1990 దశకంలో ఇట్టర్బియం వంటి లాంథనైడుల ట్రైఫ్లేట్ లవణాలు స్వల్ప పరిమాణంలోనే ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయని, నీటిలో కరిగిన వాటిని తిరిగి రాబట్టి మరల వాడవచ్చునని తెలిసింది.

జియోలైట్లు, బంకమన్ను ఖనిజాలు వంటి ఘన ఆమ్లాలు మరొక మార్గం. జియోలైట్లలోని సూక్ష్మ రంధ్రాల ఇరుకుదనం వలన ఆర్థో ఉత్పన్నం తగ్గి పారా ఉత్పన్నం పెరుగుతుంది. చర్య ముగిశాక ఘన ఉత్ప్రేరకాన్ని వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) శాస్త్రజ్ఞులు బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం తదితరులు ఘన ఆమ్లాలతో జరిపిన నైట్రేషన్ ఫలితాలను 2000లో ప్రచురించారు. ఐనప్పటికీ నైట్రోబెంజీన్ వంటి భారీ ఉత్పత్తులలో చవకదనం కారణంగా నైట్రికామ్లం, సల్ఫ్యూరికామ్లాల మిశ్రమమే నేటికీ ప్రధానంగా వాడుకలో ఉన్నది.